మట్టి వాసనా... మల్లె వాసనా?

సెంటు కొనేటప్పుడు చాలామంది మూత తీసి వాసన చూసి, బాగుందనిపిస్తే వెంటనే డబ్బులిచ్చేస్తారు. అత్తరుకి ఆ తొందర పనికిరాదు. అది నూనె. ఒంటి వేడికి మెల్లమెల్లగా విచ్చుకుంటుంది.

మా అత్తగారి కోసం అత్తరు కొందామని ఈ వేసవిలో నేనూ, మా ఆడపడుచూ హైదరాబాద్ పత్తర్‌గట్టీకి వెళ్లాం. మామగారు పోయి మూడేళ్లయింది. పెరట్లో మల్లె పందిరి ఉంది. రోజూ మొగ్గలు కోసి, మాల కట్టి మాకిస్తారు ఆవిడ. తను మాత్రం ఒక్క పువ్వు తల్లో పెట్టుకోరు.

చివరికి రెండు సీసాల దగ్గర ఆగాం. ఒకటి మల్లె. రెండోది మట్టి అత్తరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ దీనికి పేరు. కాల్చిన మట్టిని రాగి డేగిసాలో నీళ్లు పోసి మరిగిస్తారు. ఆ ఆవిరి వెదురు గొట్టంలోంచి వెళ్లి, రెండో పాత్రలోని గంధం నూనెలో చేరుతుంది. అచ్చం తొలకరి చినుకు వాసనే! ఆస్ట్రేలియాలోని ఇద్దరు శాస్త్రవేత్తలు 1964లో ఈ వాసనకు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. అప్పటికే మనవాళ్లు దాన్ని సీసాల్లో పోసి అమ్ముతున్నారు మరి.

గంధం నూనె ఖరీదు కాబట్టి ఇప్పుడు చాలా అత్తర్లలో లిక్విడ్ పారఫిన్ వాడుతున్నారు. రెండూ ఒకటే అన్నట్టు అమ్మితే ఒప్పుకోకండి. దేంట్లో తీశారో అడిగి, ధర అప్పుడు మాట్లాడండి.

చెరో మణికట్టుకీ ఒక్కో చుక్క రాయించుకుని, రుద్దకుండా, గంటసేపు గాజుల దుకాణాలు తిరిగొచ్చాను. మల్లె ముందే గుప్పుమంది. మట్టిది మొదట తెలియనే లేదు. గంటయ్యేసరికి అదే నిలిచింది. నాకోసమైతే సందేహం లేకుండా మట్టిదే కొనేదాన్ని.

“అమ్మకీ అదే తీసుకో వదినా. మల్లెదైతే ఊళ్లో ఏదో ఒకటంటారు” అంది మా ఆడపడుచు.

“పువ్వైతే కనబడుతుంది గానీ, అత్తరు ఎవరికి కనబడుతుంది?” అన్నాను. మొగ్గలు కట్టే చేతులకి ఆ వాసన ఎలాగూ అంటుకునే ఉంటుంది. దానికి లేని తప్పు దీనికెందుకు?

మల్లెదే కొన్నాం. సీసా చేతికిస్తే ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే, దూదికి రెండు చుక్కలు అద్ది, బీరువాలో తన చీరల మధ్య పెట్టుకున్నారు. మీరూ అలా చేయొచ్చు. కాకపోతే దూదిని కాగితంలో చుట్టండి. పట్టుచీరకి నూనె తగిలితే మరక ఓ పట్టాన వదలదు.