బొగ్గునిచ్చిన బీటే భూమిని కదిపింది

2024 డిసెంబర్ 4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు అడవుల కింద భూమి కదిలింది. ఖమ్మం, కొత్తగూడెం, వరంగల్ మొదలుకొని హైదరాబాదు, విజయవాడ దాకా జనం ఇళ్లలోంచి బయటకు పరుగెత్తారు. అంతా కొన్ని సెకన్ల పాటే. రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3గా నమోదైంది. అదృష్టం కొద్దీ ప్రాణనష్టం లేదు.

భూమి ఆగినా మాటలు ఆగవు. గోదావరి లోయలో ఇలా జరిగినప్పుడల్లా టీ కొట్ల దగ్గర రెండు మాటలు వినిపిస్తుంటాయి. బొగ్గు తవ్వి తవ్వి భూమిని డొల్ల చేశారని ఒకటి. కింద అగ్నిపర్వతం పుడుతోందని, గుండాల దగ్గర ఇసుకలో ఊరే వేడినీళ్లే అందుకు సాక్ష్యమని రెండోది. రెండూ తప్పే. అయితే బొగ్గుకూ, వేడినీళ్లకూ, భూకంపానికీ చుట్టరికం లేదనడం కూడా తప్పే.

మొదట బొగ్గు సంగతి చూద్దాం. ములుగు భూకంపం పుట్టింది సుమారు 40 కిలోమీటర్ల లోతులో. మన బొగ్గు బావుల్లో ఎంత లోతైనదైనా ఒక్క కిలోమీటరు ఉండదు. ఓపెన్ కాస్టులో మందుపాతర పేల్చినప్పుడు పక్క ఊళ్లలో గోడలు అదరడం నిజమే, దాని మీద తగవులూ నిజమే. కానీ ఆ అదురు ఆ చుట్టుపక్కలతోనే సరి. హైదరాబాదులో ఫ్యాన్లు ఊపగల శక్తి దానికి లేదు.

అసలు ఈ లోయే ఒక పెద్ద బీట. పాత ఇంటి గోడకు రెండు పక్కలా బీటలు వారి, మధ్య భాగం కిందికి కుంగితే ఎలా ఉంటుందో, ప్రాణహిత కలిసే చోటి నుంచి భద్రాచలం దిగువ దాకా భూమి అలా కుంగింది. ఇది జరిగి పాతిక కోట్ల ఏళ్లు దాటింది. కుంగిన పల్లంలోకి నదులు ఇసుకనూ ఒండ్రునూ తెచ్చిపోశాయి. ఆనాటి అడవులు ఆ ఒండ్రు కింద పూడిపోయి, బరువుకూ వేడికీ మాగి బొగ్గయ్యాయి. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో కనుగొన్నది ఈ బొగ్గునే. గని కార్మికులు నేటికీ కింగ్ సీమ్ అని పిలిచే పొర ఆయన పేరు మీదే ఉంది. బీట లేకపోతే పల్లం లేదు, పల్లం లేకపోతే సింగరేణి లేదు.

ఆ బీటలు పూర్తిగా అతుక్కోలేదు. అదే ఇప్పటి చిక్కు. భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. పగిలిన కుండ పెంకుల్లాంటి పెద్ద పెద్ద ఫలకాలు పక్కపక్కన అమరి ఉన్నాయి. మన దేశాన్ని మోస్తున్న ఫలకం ఏడాదికి దాదాపు రెండంగుళాల చొప్పున ఉత్తరంగా జరుగుతూ ఆసియాను నెడుతోంది. హిమాలయాలు లేచింది ఆ నెట్టుడుకే. బరువైన బండిని వెనకనుంచి నెడితే ఎక్కడో మధ్యలో ఉన్న వదులు కీలు కిర్రుమన్నట్టు, ఆ ఒత్తిడికి దక్కనులోని పాత బీటలు ఎప్పుడో ఒకప్పుడు జారుతాయి. ఏళ్ల తరబడి బిగుసుకున్న రాయి ఒక్క క్షణంలో జారితే పుట్టే అదురే భూకంపం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో వచ్చినదీ ఈ లోయదే. దాని తీవ్రత 5.7. ఆనాటి కుదుపు ఎరిగిన పెద్దలు ఇంకా కొందరైనా ఉంటారు, అడిగి చూడండి.

ఇక అగ్నిపర్వతం మాట. భూకంపం రాయి విరిగి జారడం వల్ల వస్తుంది. అగ్నిపర్వతానికి రాయి కరగాలి. కరిగి పైకి దారి చేసుకోవాలి. ఒక ఫలకం మరొక దాని కిందికి దిగే చోట, దానితోపాటు లోపలికి పోయిన నీరు లోతులోని వేడి రాతిని కరిగిస్తుంది. అండమాన్ సముద్రంలో జరుగుతున్నది అదే. దేశంలో నిప్పులు కక్కే కొండ ఒక్కటే ఉంది. అది అక్కడి బ్యారెన్ దీవి. నూటయాభై ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. గోదావరి లోయ కింద అలాంటి ఏర్పాటు లేదు. పూర్వం దక్కను మీద లావా పారిన మాట నిజమే. ఆదిలాబాదు నల్లరాయి, రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల నల్లరాయి ఆ లావాయే. కానీ అది చల్లారి ఆరున్నర కోట్ల ఏళ్లయింది.

మరి వేడినీళ్లు? భూమిలోకి పోయే కొద్దీ కిలోమీటరుకు పాతిక, ముప్పై డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. ఆ ఉక్క ఎలాంటిదో బావిలో దిగేవారికి ఒకరు చెప్పనక్కర్లేదు. వాననీరు బీటల వెంట లోతుకు ఇంకి, అక్కడ కాగి, మరో బీట వెంట పైకి వస్తుంది. కాగడానికి అగ్నిపర్వతం అక్కర్లేదు. మణుగూరు ప్రాంతంలో ఆ నీటి వేడితోనే 20 కిలోవాట్ల కరెంటు తీసే చిన్న కేంద్రాన్ని సింగరేణి ప్రయోగంగా నెలకొల్పింది. భయపడవలసిన నీళ్లు కావవి.

భయపడవలసింది గోడలకు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, నాలుగు గంటలు కావొస్తుండగా, మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. ములుగు దానికంటే శక్తిలో ఇది సుమారు ఇరవై రెట్లు. దాదాపు పదివేల మంది చనిపోయారు. అప్పటి పటంలో అది దేశంలోకెల్లా భయం తక్కువ ఉన్న ప్రాంతం! అక్కడి ఇళ్లకు మట్టితో పేర్చిన లావుపాటి రాతిగోడలు, పైన అడుగుల మందాన మట్టి కప్పు. ఎండకు చల్లగా ఉంటాయని కట్టుకున్నారు. గుండ్రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోక జారిపోయాయి. నిద్రలో ఉన్నవారి మీద కప్పు పడింది.

గోదావరి లోయను 2002 నాటి పటం మూడో జోన్‌లో, అంటే మధ్యస్థ ప్రమాద ప్రాంతంగా చూపింది. ఇక్కడి గూడేల్లో వెదురు తడికకు మట్టి మెత్తి కట్టిన ఇల్లు భూకంపానికి ఊగుతుందే గాని సులభంగా కూలదు. కూలినా మనిషిని చంపేంత బరువు లేదు. చిత్రమేమంటే, అది పీకేసి కట్టుకునే అరకొర పక్కా ఇల్లే ఎక్కువ ప్రమాదం. ఒంటి ఇటుక గోడ, ఊచ లేని మూలలు, పైన బరువైన స్లాబు.

భూకంపం ఏ రోజు వస్తుందో చెప్పగల యంత్రం లోకంలో ఎక్కడా లేదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వారు జరిగినదాన్ని క్షణాల్లో కొలవగలరు, జరగబోయేదాని తేదీ చెప్పలేరు. తేదీ చెప్పేవాడు కనిపిస్తే నమ్మకండి. మన చేతిలో ఉన్నది ఇల్లు. రాతిగోడ అయితే రెండు ముఖాలనూ కలిపే పొడవాటి రాళ్లు మధ్యమధ్య పడాలి. ఏ గోడకైనా తలుపుల పైమట్టంలో ఇంటి చుట్టూ తెగకుండా ఇనుప ఊచలతో కాంక్రీటు బెల్టు తిరగాలి. నాలుగు గోడలనూ గంపకు కట్టిన తాడులా అది పట్టి ఉంచుతుంది. చాలామంది తలుపు పైన, కిటికీ పైన ముక్కలు ముక్కలుగా లింటల్ వేసి ఊరుకుంటారు. ఇంటి మొత్తం ఖర్చులో ఆ మిగులు చిన్నదే. ఇల్లు కట్టేవారు గోడ ఆ మట్టానికి రాకముందే మేస్త్రీతో ఈ మాట తేల్చుకోవాలి. స్లాబు పడ్డాక చేయగలిగింది తక్కువ.