తీరిక లేనివారి వ్యాయామము



ఉగాదినాడు పచ్చడి నోట వేసికొని, "ఈ సంవత్సరము ప్రతిదినము తెల్లవారుజామున లేచి గంటసేపు నడచెదను" అని సంకల్పించుకొనని యిల్లాలు మనలో అరుదు. నేనును ఏడు ఉగాదులు వరుసగా అట్లే సంకల్పించుకొంటిని. మొదటి వారము నడక చక్కగనే సాగును. ఎనిమిదవనాడు చుట్టములు వత్తురు. పదియవనాడు బిడ్డకు జ్వరము. ఆ పిమ్మట వానలు. నాలుగు దినములు తప్పగానే, "ఇది మనవలన నగు పనికాదు" అని నడక చెప్పులు అటకమీదికి చేరును. ఇట్టి దానికి పెద్దలు ఆరంభశూరత్వమని పేరు పెట్టిరి. లోపము మన పట్టుదలయందు గాక, మనము ఆరంభించు తీరునందే కలదని తెలిసికొనుటకు నాకు ఏడేండ్లు పట్టినది.

రెండేండ్ల క్రిందట వరలక్ష్మీవ్రతమునాడు పూజ ముగించి పీటమీదనుండి లేవబోయి లేవలేకపోతిని. మోకాళ్ళలో సత్తువ లేదు. ఎనిమిదేండ్ల మనుమరాలు పరుగున వచ్చి, "అమ్మమ్మా, నా చేయి పట్టుకో" అని లాగినది. పేరంటాండ్రు చూచుచుండగా నవ్వి యూరకుంటిని గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మగారి కడపటి దినములు జ్ఞప్తికి వచ్చినవి. జీవితమంతయు ఇంటిల్లిపాదికి వండి వార్చిన ఆ తల్లి, మంచము దిగుటకు ఒకరిని, స్నానమునకు ఒకరిని పిలువవలసివచ్చి ఎంత సిగ్గుపడెడిదో నేనెఱుగుదును. నాకప్పటికి ఏబదియాఱేండ్లు. నేనును ఆ త్రోవనే పోవుచున్నానా యని భయము కలిగినది.

మరునాడు వైద్యురాలి యొద్దకు పోతిని. రక్తపరీక్ష చూచి ఆమె, "చక్కెర వ్యాధి మీ గడపదాక వచ్చినది. ఇంకను లోపల అడుగు పెట్టలేదు. మీరు కొంత వ్యాయామము చేయవలెను" అనిరి. "దినమంతయు నిలువుకాళ్ళమీదనే యుందునుగదా, నాకు వేరే వ్యాయామమెందులకండీ?" అంటిని. "అలసట వేరు, బలము వేరమ్మా" అని ఆమె చెప్పినమాట నాకు నేటికిని మంత్రమువలె పనిచేయుచున్నది.

ఆలోచించి చూడుడు. మన అవ్వలు బావినుండి నీరు చేదిరి, రోట దంచిరి, తిరగలి త్రిప్పిరి. అవి దేహమును నలిపినమాట నిజమే. ఆ కష్టము మరల కావలెనని నేననను. నేడు కుళాయియు, మిక్సీయు, గ్రైండరును ఆ పనులను తీసికొన్నవి. పొయ్యియొద్ద నిలుచుట, పిల్లలను సాగనంపుట, ఉద్యోగమున్నవారు మేజాముందు కూర్చుండుట మనకు మిగిలినవి. వీనివలన విసుగును నడుమునొప్పియు వచ్చునుగాని కండ గట్టిపడదు. 2022 నాటి లెక్కలను బట్టి మన దేశమున వయోజనులైన స్త్రీలలో నూటికి 57 మందికి తగినంత దేహశ్రమ లేదు. పురుషులలో ఇట్టివారు నూటికి 42 మంది. ఈ తేడా స్త్రీల సోమరితనమువలన వచ్చినదని ఎవరైన ననినచో నేనొప్పుకొనను. తనకై యొక అరగంట ఇల్లు విడిచిపోగల స్వేచ్ఛయు, భయములేక నడువదగిన వీధియు ఎందఱికి గలవు?

ఇక ఎంత వ్యాయామము కావలెను? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూత్రములనుబట్టి, పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెను. అనగా మాటలాడుట సాధ్యమైనను పాట పాడుట సాధ్యము కానంత వేగముగా నడచుట యన్నమాట. వారమునకు రెండు దినములైనను కండరములకు బలము నిచ్చు పని యుండవలెను. ఒక్కొక్క పర్యాయము కనీసము పది నిమిషములైనను చేసిననే లెక్కకు వచ్చునను పాత నియమమును ఈ సూత్రములలో విడిచిపెట్టిరి. రెండు నిమిషములు చేసినను అది చేసినట్లే. గంటసేపు తీరిక దొరకని మనకు ఇంతకంటె శుభవార్త యేమి కలదు?

దినమునకు పదివేల యడుగులు నడువవలెనను మాట మీరు వినియుందురు. ఇది శాస్త్రము నిర్ణయించిన సంఖ్య కాదు. 1965లో జపాను దేశమున అమ్మిన అడుగులు లెక్కించు యంత్రమునకు 'పదివేల యడుగుల కొలమాని' యని అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆ సంఖ్యయే లోకమంతటను వ్యాపించినది. సగటున 72 ఏండ్ల వయసుగల 16,741 మంది స్త్రీలను అమెరికాలో పరిశీలించి 2019లో ఫలితములు ప్రకటించిరి. దినమునకు సుమారు 2,700 అడుగులు నడచినవారికంటె 4,400 అడుగులు నడచినవారిలో మరణములు తక్కువ. సుమారు 7,500 దాటిన పిమ్మట అధిక లాభము కానరాలేదు. నడకయే దీనికంతకును కారణమని ఇట్టి పరిశీలన నిరూపింపజాలదు. అయినను కొంచెము నడచినవారిని కూడ నిరుత్సాహపఱుప నక్కఱలేదని దీనివలన తేలుచున్నది.

అలవాటు ఎట్లు పట్టుబడునో లండను నగరపు విశ్వవిద్యాలయములో 96 మందిపై పరీక్షించి 2010లో ప్రకటించిరి. ఒక చిన్నపని ప్రయత్నము లేకయే జరుగునంతటి అలవాటగుటకు సగమువారికి 66 దినములలోపల సరిపోయినది. ఒకరికి 18 దినములే చాలునని, మఱియొకరికి 254 దినములు పట్టునని వారి అంచనా. నడుమ నొకనాడు తప్పినంతమాత్రమున అలవాటు చెడలేదని కూడ వారు గమనించిరి. నా ఏడు ఉగాదుల సంకల్పములు ఎందుకు భగ్నమైనవో అప్పుడు నాకు బోధపడినది. తప్పినదినము నన్ను చెఱుపలేదు. తప్పినదని పూర్తిగా మానుటయే చెఱిచినది.

అందుచే ఈమారు నేను ఉగాదికై వేచియుండలేదు. క్రొత్త వేళ యేర్పఱచుకొనక, ఇదివఱకే నాకున్న పనులకు వ్యాయామమును ముడివేసితిని. ఉదయము పాలు కాగువఱకు వంటింటి గట్టును పట్టుకొని మడమలెత్తి దించుదును. కుక్కరు కూతలకొఱకు వేచునప్పుడు గోడకు చేయిచాపినంత దూరమున నిలిచి, అరచేతులు గోడకానించి, మోచేతులు వంచి ముందుకు వాలి, మరల వెనుకకు నెట్టుకొందును. మధ్యాహ్నము చేతుల యాసరా లేక కుర్చీనుండి లేచి కూర్చుందును. మొదట అయిదుమార్లు, రెండు నెలలకు పదునైదు. భోజనమైన తరువాత పదినిమిషములు డాబామీదనో వరండాలోనో వడిగా నడతును. భోజనానంతరపు నడక రక్తములోని చక్కెర ఒక్కమారుగా పెరుగకుండ తోడ్పడును. మూడుపూటలు పదేసి నిమిషములు వారమున అయిదు దినములు నడచినచో 150 నిమిషములు నిండినట్లే.

మఱియొకమాట. మిగిలిన కూడు పాఱవేయలేక మన కడుపున వేసికొనుట మనకు ధర్మమైపోయినది. బియ్యము ఒక పిడికెడు తగ్గించి కొలుచుట నేర్చితిని. పళ్ళెములో సగమైనను కూరలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచున్నది. పప్పు, పెరుగు కడపట నాకు మిగులకపోవుట మా యింట మునుపు నిత్యకృత్యము. ఇప్పుడు నా వంతు ముందే తీసిపెట్టుకొందును. కండకు అవి కావలెనుగదా.

గుండెలో నొప్పి, తల తిరుగుట, మోకాలివాపు గలవారును, గర్భిణులును మొదట వైద్యుల నడిగియే ఆరంభింపవలెను. జ్వరమున్ననాడు విశ్రాంతియే వ్యాయామము. తీరిక బొత్తిగా లేనినాడు రెండు నిమిషములు చాలును. గొలుసు తెగకుండుట ముఖ్యము.

చేసిననాడు గోడ క్యాలెండరుపై కుంకుమతో చుక్క పెట్టుచుంటిని. మూడునెలలు గడచిన పిమ్మట లెక్క చూడగా తొంబది దినములలో ముప్పదియొక్కనాడు చుక్క లేదు. మునుపటి నేనైనచో ఆ ముప్పదియొక్క ఖాళీలను చూచి సిగ్గుపడి మానియుందును. ఈమారు ఏబదితొమ్మిది చుక్కలను చూచితిని. బరువు తగ్గినది రెండు కిలోలే. చక్కెర మాత్రము ఇంకను గడప యవతలనే యున్నది. మొన్న శ్రావణమున పీటమీదనుండి లేచునప్పుడు మనుమరాలు అలవాటుగా చేయి చాచినది. "అక్కఱలేదమ్మా" అని నేనే లేచి, ఆమెకు ప్రసాదము పెట్టితిని.

అత్తగారులారా, మీ కోడలు పదినిమిషములు డాబామీదికి పోయినచో పిల్లవానిని మీరెత్తికొనుడు. కోడళ్ళారా, మీ అత్తగారిని వెంట పిలుచుకొని పొండు. ఇంటి పురుషులకు ఈ పత్రికను చూపి, ఎంగిలి కంచములు వారినే తీయమనుడు.

మంచి ముహూర్తము కొఱకు చూడనక్కఱలేదు. రేపు ఉదయము పాలు పొయ్యిమీద పెట్టుదురుగదా, అవి పొంగులోపల పదిమార్లు మడమలెత్తి దించుడు. ఎల్లుండి మఱచినచో ఆవలెల్లుండి మరల చేయుడు.