కొలామీ భాషయందలి ఙకారము

కుమురం భీము ఆసిఫాబాదు జిల్లాలోని గోలేటి బొగ్గుగనులకు ప్రసిద్ధి కెక్కిన గ్రామము. అచ్చటి సింగరేణి కార్మికుల నివాసములలో తెలుగే ప్రధానముగ వినవచ్చును. చేరువనున్న తిర్యాణి ప్రాంతపు కొండగూడెములలో మాత్రము కొలాములు తమ ప్రాచీనభాషను నేటికిని వ్యవహరించుచున్నారు. మహారాష్ట్రమునందలి వారితో గూడ, 2011 జనాభాలెక్కలలో కొలామీ మాతృభాషగా గలవారు సుమారు 1,28,000 మంది.

సంఖ్య యల్పమైనను, తెలుగు శబ్దచరిత్ర నెఱుగగోరువారి కీభాష పరిశీలింపదగినది. తాలవ్యాచ్చులకు ముందున్న కకారము తెలుగున చకారమైనది, కొలామీలో మాఱలేదు. మన ‘చెవి’ వారికి ‘కెవ్’. మన ‘చిచ్చు’ వారికి ‘కిస్’. మూలద్రావిడమునందలి పదాదిచకారము మన ‘ఇచ్చు’ ధాతువున లోపింపగా, కొలామీలో సకారమై నిలిచి ‘సీ’ యైనది. అంతమాత్రమున కొలామీ యన్నిట ప్రాచీనరూపములనే నిలిపినదనరాదు. మన ‘నీరు’ వారికి ‘ఈర్’. ఇచ్చట నాదినకారమును గోల్పోయినది కొలామీయే.

సంఖ్యావాచకములందును విశేషము గలదు. పురుషులైన ‘ఇద్దర్’, స్త్రీలైన ‘ఈరల్’, ఇతరములైన ‘ఇందిఙ్’. మన ‘ఇద్దఱు’ స్త్రీపురుషుల కుభయులకును జెల్లును. ‘మూందిఙ్’ మూడు, ‘నాలిఙ్’ నాలుగు. అయిదు మొదలు సంఖ్యలు తెలుగునుండి చేరినవే.

ఈ పదముల తుదినున్న ధ్వని గమనింపదగినది. తెలుగు బాలురు ఙకారమును వర్ణమాలలో వల్లింతురు గాని, ‘వాఙ్మయము’ వంటి సంస్కృతసమములందు దక్క వ్రాయరు. ‘వంక’, ‘రంగు’ అను పదములందా ధ్వని యున్నను, పూర్ణబిందువే దాని స్థానము నాక్రమించినది. దేశ్యపదములందు కకారగకారములు వెంటలేక యది నిలువదు. కొలామీలో నది పదాంతమున స్వతంత్రముగ నిలుచును. చతుర్థీవిభక్తి ప్రత్యయము సైతము ఙకారాంతమే.

1950లో సేతుమాధవరావుగారును, 1955లో ఎమెనో పండితుడును కొలామీ వ్యాకరణములను ప్రకటించిరి. 2004లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గిరిజనబాలురకు మాతృభాషలలో బోధింప నెన్నుకొన్న యెనిమిది భాషలలో కొలామీ యొకటి; లిపి తెలుగు. ఇచ్చట నొక చిక్కు గలదు. ‘ఇందిం’ అని వ్రాసిన, తెలుగు నేర్చిన యుపాధ్యాయుడు దానిని మకారాంతముగ జదువును. ‘ఇందింగ్’ అని వ్రాసిన, లేని గకారము వచ్చి చేరును. ఎట్లైనను బాలుడు తన యింటిమాటను బడిలో వేఱుగ వినును. తనతల్లి పలుకే తప్పని తలపవచ్చును. ఙకారమును పొల్లుగ వ్రాసినచో నీచిక్కు తీఱును. ఇందులకు గ్రొత్తలిపి యక్కఱలేదు. మనము నిరుపయోగమని త్రోసివేయు నక్షరమును కొలాముబాలుడు రెండు మొదలు నాలుగువఱకు లెక్కించునపుడెల్ల బలుకుచునే యున్నాడు.