బట్టమేక పిట్ట: గుడ్డును కేంద్రంలో పొదిగిస్తాం, మరి బయలు?

కర్నూలు మెట్టల్లో దాన్ని బట్టమేక పిట్ట అన్నారు. బళ్లారి వైపు కన్నడంలో ఎరెభూత, సోలాపూర్ వైపు మరాఠీలో మాళఢోక్, తమిళంలో కానమయిల్, రాజస్థాన్‌లో గోడావణ్. ఇన్ని భాషల్లో ఇన్ని పేర్లు ఉన్నాయంటేనే ఆ పక్షి ఒకప్పుడు ఎంత దూరం తిరిగిందో అర్థమవుతుంది. మన కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన బళ్లారి, సోలాపూర్ జిల్లాలు రెండూ దాని పాత నెలవులే. ఇవాళ దేశం మొత్తం మీద ఆరుబయట మిగిలినవి 150 లోపే. వాటిలో చాలామటుకు రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలోనే ఉన్నాయి.

ఈ పక్షిని కాపాడటానికి జైసల్మేర్‌లో ఇప్పుడు గుడ్లను ఇంక్యుబేటర్లలో పొదిగించి, పిల్లలను చేతులతో మేపి పెంచుతున్నారు. ఆ పని ఎలా సాగుతోంది, దానివల్ల మన ప్రాంతాలకు ఒరిగేదేమిటి అన్నది ఇక్కడ వివరిస్తున్నాం.

ఎందుకు తగ్గిపోయింది?

బట్టమేక పిట్ట మనిషి నడుము ఎత్తు ఉంటుంది. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఇదొకటి. చెట్టు మీద గూడు కట్టదు. గడ్డి బీడులో నేల మీదే గుడ్డు పెడుతుంది. అదీ సాధారణంగా ఏడాదికి ఒక్కటే. ఆ ఒక్క గుడ్డును కుక్కో, నక్కో, కాకో తినేసినా, పశువుల కాళ్ల కింద నలిగినా ఆ ఏటి సంతానం పోయినట్టే. ఇంత నిదానంగా పెరిగే జాతిని తుపాకీ వేట చాలా ఏళ్లు దెబ్బతీసింది. ఆ తర్వాత బీడులు పొలాలయ్యాయి.

ఇప్పటి పెద్ద ప్రమాదం కరెంటు తీగలు. ఈ పక్షికి పక్కచూపు బాగున్నా ఎదురుచూపు తక్కువ. తీగ దగ్గరపడ్డాక గానీ కనబడదు. అంత బరువున్న పక్షి అప్పుడు చప్పున పక్కకు తిరగలేదు. ఒక్క థార్ ప్రాంతంలోనే ఏటా 18 దాకా పక్షులు తీగలు తగిలి చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ 2020లో అంచనా వేసింది. 150 లోపు ఉన్న జాతికి ఇది ఎంత నష్టమో లెక్క వేసి చెప్పనక్కర్లేదు.

పెంపకం ఎలా జరుగుతోంది?

కేంద్ర పర్యావరణ శాఖ, రాజస్థాన్ అటవీ శాఖ, భారత వన్యప్రాణి సంస్థ కలిసి 2019లో జైసల్మేర్ జిల్లా సమ్ దగ్గర ఈ పని మొదలుపెట్టాయి. ఇదే కుటుంబానికి చెందిన హుబారా పక్షులను పెంచిన అనుభవం ఉన్న అబుధాబి సంస్థ సాంకేతిక సాయం అందించింది. తర్వాత రామ్‌దేవ్రా దగ్గర రెండో కేంద్రం వచ్చింది.

మొదటి మెట్టు గుడ్ల సేకరణ. బయట గూడు కనిపెట్టి, గుడ్డును జాగ్రత్తగా తెచ్చి ఇంక్యుబేటర్‌లో పెడతారు. గుడ్డు పోయిన తల్లి చాలాసార్లు అదే కాలంలో మళ్లీ పెడుతుంది. కాబట్టి తీసుకున్న ప్రతి గుడ్డూ బయటి సంతతికి నష్టం కాదు. పుట్టిన పిల్లకు సంరక్షకులు పురుగులను నోటికి అందించి మేపుతారు. అలా పెరిగిన పక్షులు పెద్దవై తమంతట తాము జతకట్టగా, 2023లో మొదటి పిల్ల పుట్టింది. 2024 అక్టోబరులో ఇంకో ముందడుగు పడింది. రామ్‌దేవ్రాలోని మగపక్షి వీర్యాన్ని సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని సమ్‌కు తరలించి, కృత్రిమ గర్భధారణ ద్వారా పిల్లను పుట్టించారు. రెండు కేంద్రాల్లోనూ కలిపి పక్షుల సంఖ్య 2025 నాటికి 60 దాటింది.

కృత్రిమ పద్ధతి ఎందుకంటే, చేతితో పెరిగిన పక్షులు అన్నీ సహజంగా జతకట్టవు. పైగా ఉన్నవే కొద్ది కాబట్టి, రక్తసంబంధం దగ్గరైన పక్షుల మధ్యే సంతానం కలిగితే ముందు తరాలు బలహీనపడతాయి. ఏ మగపక్షికి ఏ ఆడపక్షి అన్నది లెక్క చూసుకుని కలపడానికి ఈ పద్ధతి పనికొస్తుంది.

పెంచితే చాలదు

పెంపకం జాతిని నిలబెడుతుంది గానీ నేలను తిరిగి ఇవ్వదు. ఈ మాటకు ఒడిశాలోని మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ మహానది ఘరియల్. 1975లో టికర్‌పడా దగ్గర ఈ సన్నముక్కు మొసళ్ల పెంపకం మొదలైంది. 1980లో నందన్‌కానన్ జూలో ఘరియల్ పిల్లలు పుట్టాయి. ఆ తర్వాతి ఏళ్లలో వందల పిల్లలను నదిలో వదిలారు. చేపల వలలు, నదిలో వచ్చిన మార్పుల మధ్య బతికినవి బహు కొద్ది. సత్కోసియా దగ్గర నదిలో సహజంగా పుట్టిన పిల్లలు మళ్లీ కనబడింది 2021లో, దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత. పెంపకం లోపం కాదది, వదిలిన చోట బతుకు కుదరకపోవడం.

బట్టమేక పిట్టకూ అసలు పరీక్ష అక్కడే. జైసల్మేర్‌లో పెరిగిన పక్షుల సంతానం ఎప్పటికైనా దక్కనుకు రావాలంటే ఇక్కడ బీడు మిగిలి ఉండాలి.

మన వైపు పరిస్థితి

కర్నూలు సీమలోని రోళ్లపాడు అభయారణ్యం, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది, 1988లో ఈ పక్షి కోసమే ఏర్పడింది. దాని విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. చుట్టూ పంటల తీరు మారింది, కృష్ణజింకలు పెరిగి రైతుల పొలాల్లో పడ్డాయి, పిట్ట మాత్రం కనుమరుగైంది.

సోలాపూర్ దగ్గర నాన్నజ్ అభయారణ్యంలో జరిగింది దీనికి తలకిందులు. 1979లో 8,000 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రకటించారు. ఊళ్లకు ఊళ్లే ఆ గీతలో పడటంతో భూముల వ్యవహారాలు చిక్కుపడి జనం విసిగిపోయారు. చివరకు దాన్ని 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించారు. ఒకచోట గీత చాలా చిన్నది, ఇంకొకచోట చాలా పెద్దది. రెండుచోట్లా అక్కడి రైతును కలుపుకోకుండా పని సాగలేదు.

బళ్లారి జిల్లా సిరుగుప్ప నల్లరేగడి పొలాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని పక్షులు ఇటీవలి దాకా కనబడ్డాయి. ఆ పొలాలు సాగుచేసేవాళ్లలో తెలుగు ఇళ్లవాళ్లూ ఉన్నారు.

కాబట్టి ఇందులో మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. రెవెన్యూ కాగితంలో బంజరు అని రాసినంత మాత్రాన ఆ నేల పనికిరానిది కాదు. గొర్రెలకు, జింకలకు, ఈ పిట్టకు అదే ఆధారం. ఊరి బంజరును సోలార్ ప్లాంటుకో, తోటల పెంపకానికో ఇచ్చే మాట వచ్చినప్పుడు గ్రామసభలో ఈ సంగతి అడగవచ్చు. తీగలకు పక్షులను హెచ్చరించే బిళ్లలు తగిలించమని కోరవచ్చు. పొలంలో పక్షి గానీ గుడ్డు గానీ కనబడితే దగ్గరికి పోకుండా, ఫోటో నలుగురికీ పంపకుండా, ముందు అటవీ శాఖకు చెప్పాలి. కుక్కలను అటు పోనివ్వకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే బట్టమేక పిట్టను ఎప్పుడు, ఏ పొలంలో చూశారో అడిగి రాసిపెట్టుకోండి. ఏ నేల దానికి కలిసొచ్చిందో చెప్పే సమాచారం కొంత వాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. రేపు పక్షులను తిరిగి వదలడానికి చోటు వెతికేవాళ్లకు అది పనికొస్తుంది.