కారుకు చిన్న బ్యాటరీ వేస్తామంటే... కొనేముందు మనమూ చూద్దాం

బ్యాటరీ అనగానే ఇది మగవాళ్ల వ్యవహారం అనుకుని పేజీ తిప్పేయకండి. కారు కొనేది వాళ్లే కావచ్చు, మెకానిక్ దగ్గర గంటలకొద్దీ నిలబడేదీ వాళ్లే కావచ్చు. కానీ రాత్రిపూట బిడ్డకు జ్వరమొచ్చి కారు స్టార్టు కాకపోతే చీర కుచ్చిళ్లు దోపుకుని వెనకనుంచి తోసేది మనమే. బ్యాటరీకని తీసే ఆ మూడు నాలుగు వేలు కూడా చాలా ఇళ్లలో పాల డబ్బుల్లోంచో, మనం కట్టుకున్న చీటీలోంచో పోతాయి. అందుకే ఈ సంగతి మనకూ తెలిసుండాలి.

మా బెళుగుప్ప చుట్టుపక్కల ఊళ్లలో పాత మారుతి 800 కార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఆ బండి తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు మనం చూసేవి ఎక్కువగా నలుగురి చేతులు మారినవే. శెనక్కాయ పంట నాలుగేళ్లకోసారి చేతికొచ్చే ఈ సీమలో కొత్త కారు ఎవరు కొనగలరు? పాతది తెస్తారు. తెచ్చినవాళ్లు ఊరికే ఉంటారా, పెట్రోలు ధర భరించలేక గ్యాసు కిట్టు పెట్టిస్తారు. ఇంట్లో మగపిల్లలుంటే పెద్ద స్పీకర్లు, ముందువైపు ఇంకో రెండు లైట్లు, నాలుగు ఊళ్లకు వినపడే హారన్ కూడా వచ్చి చేరతాయి.

ఆ బండికి బానెట్ కింద ఉన్నదే జానెడు చోటు. అందులోకి గ్యాసు కిట్టు రెడ్యూసరు, పైపులు వచ్చేసరికి చెయ్యి దూరదు. అప్పుడు మెకానిక్ నోట వచ్చే మాట ఒకటే. "బ్యాటరీ చిన్నది ఏసుకుంటే సరిపోతాదిలే అక్కా." ఆ చిన్నది ఏమిటయ్యా అంటే ఒకరు మోటార్ సైకిల్ బ్యాటరీ చూపిస్తారు, ఇంకొకరు కంప్యూటరు యూపీఎస్‌లో ఉండే 7 ఏహెచ్ డబ్బా చూపిస్తారు. మూడు బ్యాటరీల మీదా 12 వోల్టులనే రాసుంటుంది. అది చూసి మనవాళ్లు సరేనంటారు.

12 వోల్టులన్నీ ఒకటి కాదు. నీళ్ల బిందెతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. బ్యాటరీ మీద ఏహెచ్ అని రాసేది బిందెలో ఎన్ని నీళ్లు పడతాయన్న లెక్క. సీసీఏ అని రాసేది బిందె మూతి ఎంత వెడల్పన్న లెక్క. కారు స్టార్టయ్యేటప్పుడు సెల్ఫు మోటారు రెండు మూడు సెకండ్లలో వంద ఆంపియర్లకు పైగా గుంజుతుంది. అంటే బిందెను ఒక్కసారిగా బోర్లించినట్టు. మూతి సన్నగా ఉంటే ఎన్ని నీళ్లున్నా లాభం లేదు. మన ఇళ్లలో ఇన్వర్టరు బ్యాటరీ 150 ఏహెచ్ ఉంటుంది కదా, దాని ప్లేట్లు మందం. రాత్రంతా ఫ్యాను తిప్పడానికి చేసినది అది. కారు బ్యాటరీలో పలచటి ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి, ఒక్క ఊపు ఇవ్వడానికి. దాని పనికి ఇదీ, దీని పనికి అదీ పనికిరావు. దోసెల పెనం మీద అన్నం వండమన్నట్టే.

మా మరిది వాళ్ల కారుకు ఇలాగే మోటార్ సైకిల్ బ్యాటరీ వేశారు, 9 ఏహెచ్‌ది. రెండు నెలలు బాగానే నడిచింది. ఎండాకాలంలో ఒకరోజు సాయంత్రం పిల్లలు నిలిపి ఉన్న కారులో కూర్చుని అరగంట పాటలు విన్నారు. ఆ రాత్రి పదకొండింటికి మా అత్తగారికి వాంతులు, విరేచనాలు. కళ్యాణదుర్గం తీసుకుపోదామని ఎక్కించి తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఇంకేం లేదు. తోశారు, లేవలేదు. చివరికి పక్కవీధిలో ఆటో ఆయన్ని నిద్రలేపి తీసుకుపోయారు. సెలైన్ ఎక్కించాక తెల్లారేసరికి ఆమె కోలుకుంది. మర్నాడు మెకానిక్ "పిల్లోళ్లు పాటలు పెట్టినారు కదా" అని తప్పు వాళ్లమీదికి తోశాడు. మా తోడికోడలు ఊరుకోలేదు. "అరగంట పాటలకే చచ్చే బ్యాటరీని కారుకు ఎట్ల ఏసినావప్పా?" అని అడిగింది. దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

లెక్క మనమే వేసుకోవచ్చు. ఇంజన్ ఆపి హెడ్‌లైట్లు మరచిపోయామనుకోండి. ఒక్కో బల్బు 55 వాట్లు, రెండూ కలిపి 110. దాన్ని 12తో భాగిస్తే గంటకు 9 ఆంపియర్ల పైచిలుకు. 35 ఏహెచ్ బ్యాటరీ అయితే గంట సేపటికి ఇంకా కాస్త ఊపిరి ఉంటుంది. 9 ఏహెచ్‌ది అరగంటకే చేతులెత్తేస్తుంది. పాటల డబ్బాకు ఎన్ని వాట్లో కనుక్కుని దానికీ ఇలాగే లెక్క కట్టండి.

ఇంజన్ తిరుగుతుంటే ఈ ఖర్చంతా ఆల్టర్నేటర్ చూసుకుంటుంది. అది ఇంటికి జీతం తెచ్చే మనిషి లాంటిది. స్పీకర్లు, అదనపు లైట్లు పెంచుతూ పోతే జీతం చాలక బ్యాటరీ అనే పొదుపు డబ్బులోంచి రోజూ కొంత పోతుంది. అప్పుడు పెద్ద బ్యాటరీ తెచ్చినా నాలుగు రోజులు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, అంతే. ముందు తగ్గించాల్సింది ఆ స్పీకర్లను. ఈ మాట మన పిల్లలకు రుచించదు, తెలుసు.

మరి చిన్న బ్యాటరీ అసలు లేదా అంటే, మారుతి 800కు కంపెనీ ఇచ్చేదే కార్ల బ్యాటరీల్లో బాగా చిన్నది. దాని మీద 38బి20ఎల్ అని అచ్చువేసి ఉంటుంది. 38 దాని సత్తాకు గుర్తు. బి అన్నది వెడల్పు, ఎత్తుల తరగతి. 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. చివరి అక్షరం ఎల్ అయినా, ఆర్ అయినా, ప్లస్ టెర్మినల్ ఏ పక్కన ఉందో చెబుతుంది. పాత బ్యాటరీ మీది అక్షరమే కొత్తదాని మీదా ఉండాలి. మారితే వైరు అందదు, అందించాలని లాగితే ఎక్కడో రాసుకుని నిప్పురవ్వలొస్తాయి. టెర్మినల్ లావు కూడా చూడాలి, సన్నవి, లావువి రెండు రకాలున్నాయి. వదులైన క్లాంపులో రేకుముక్క దోపి బిగిస్తామంటే ఒప్పుకోవద్దు. కొత్తది ట్రేలో కూర్చున్నాక పైన పట్టీ బిగించి, చేత్తో కదిపి చూడండి. మన గుంతల రోడ్ల మీద పట్టీ లేని బ్యాటరీ ఆర్నెల్లు కూడా బతకదు.

చోటు చాలకపోతే జరపాల్సింది గ్యాసు రెడ్యూసరును, బ్యాటరీని కాదు. కొందరు బ్యాటరీని తీసుకుపోయి డిక్కీలో పెడతారు. అక్కడేమో గ్యాసు సిలిండరు ఉంటుంది! మామూలు బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, అది మండేది. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే కిందనే పేరుకుంటుంది. పక్కన టెర్మినల్ దగ్గర ఒక్క రవ్వ చాలు. ఇక ఇంట్లోని ఎర్ర సిలిండరునే కారుకు తగిలించేవాళ్లున్నారు. అది నేరం, ప్రాణాంతకం కూడా. కార్లలో గ్యాసు వాడకానికి 2000లో చట్టం అనుమతి ఇచ్చింది, కానీ అనుమతి ఉన్న కిట్టు పెట్టించి ఆర్‌సీ పుస్తకంలో ఎక్కించుకోవాలి. కంపెనీ చేసిన తీరును బండిలో ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. నమోదు చేయించని మార్పులుంటే ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సువాళ్లు పేచీ పెట్టవచ్చు.

మోటార్ సైకిల్ బ్యాటరీ నిజంగా నప్పే కార్లూ ఉన్నాయండోయ్. హైదరాబాదు బహదూర్‌పురాలో కన్యబోయిన సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం ఉంది, 2010లో తెరిచారు. హ్యాండ్‌బ్యాగు, హైహీల్ చెప్పు, బర్గర్ ఆకారాల్లో కదిలే బండ్లు అక్కడ ఉంటాయి. చాలావాటికి ద్విచక్ర వాహనాలకుండేంత చిన్న ఇంజన్లే. అంత ఇంజన్‌ను లేపడానికి చిన్న బ్యాటరీ చాలు. మనది 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజన్. పిల్లలను తీసుకుని జూపార్కుకు వెళ్లినప్పుడు ఆ మ్యూజియం కూడా చూసి రండి, దగ్గరే.

లిథియం బ్యాటరీ అని కొత్తది వచ్చింది, చాలా తేలిక. ధర చూస్తే గుండె ఆగుతుంది. పైగా వేడి పడదు, చార్జింగు తీరు వేరు. పాత బండిలో ఇంజన్ పక్కన పెట్టడానికి అది తగినది కాదని నా అభిప్రాయం.

వేడి సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. చలిదేశాల్లో బ్యాటరీకి చలి శత్రువు, మన అనంతపురం జిల్లాలో ఎండే శత్రువు. వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని లెక్క. ఏప్రిల్, మే నెలల్లో బయటే 40 దాటుతుంది, బానెట్ కింద ఇంకా ఎక్కువ. చిన్న డబ్బాలో నీళ్లూ తక్కువే, త్వరగా ఇగిరిపోతాయి. మూతలున్న బ్యాటరీ అయితే ఎండాకాలంలో నెలకోసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయించండి. మన బోరు నీళ్లలో ఉప్పు, ఫ్లోరైడు ఎంతుంటాయో మన పిల్లల పళ్లే చెబుతాయి. ఆ నీళ్లు పోస్తే ప్లేట్లు పాడవుతాయి. ఫిల్టరు నీళ్లు, ఏసీలోంచి కారే నీళ్లు కూడా వద్దు.

కొనేటప్పుడు రకరకాల కంపెనీలు చెబుతారు. మన తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా వాళ్ల ఫ్యాక్టరీ ఉంది, ఇంకా వేరే పేర్లూ ఉన్నాయి. ఏది కొన్నా తయారైన నెల ఏదో షాపాయన చేత చెప్పించుకోండి. నెలల తరబడి అరలో ఉన్నది కొత్తదిగా కనిపించినా సగం ముసలిదే. మీటరు పెట్టి చూపమనండి. ఊరకే ఉన్నప్పుడు 12.6 దగ్గర, ఇంజన్ ఆన్ చేశాక 14 దగ్గర చూపాలి. రెండోది రాకపోతే తప్పు బ్యాటరీది కాదు. వారంటీ కార్డులో తేదీ, ముద్ర అక్కడే వేయించుకోండి. మూడేళ్ల వారంటీ అంటే చాలాసార్లు మొదటి సగంలో పాడైతే ఉచితం, తర్వాతి సగంలో తగ్గింపు మాత్రమే.

పాతది షాపులోనే ఇచ్చేయండి, ధరలో తగ్గిస్తారు. వాడేసిన బ్యాటరీలను తిరిగి తీసుకునే బాధ్యత 2022 నిబంధనల ప్రకారం తయారీదారులదే. పెరట్లో పడేస్తే, పాత సామాన్లవాడు పగలగొట్టి సీసం కరిగిస్తే, ఆ దుమ్ము మొదట తగిలేది పిల్లలకు. సీసం వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఇక మన చేతుల్లో ఉన్న పని ఒకటి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది కడితే స్టార్టింగు కష్టమవుతుంది. ఇంజన్ ఆపి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ విప్పాలి. గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టండి. ఒక చెంచా వంటసోడా గ్లాసు నీళ్లలో కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే బుసబుస పొంగి శుభ్రమవుతుంది. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా చూడండి. తుడిచి ఆరాక ప్లస్ ముందు, మైనస్ చివర బిగించి, పైన కాస్త వ్యాజలీన్ పూయండి. కంట్లో యాసిడ్ పడితే చల్లటి నీళ్లతో పావుగంటకు తగ్గకుండా కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మంచి నూలు చీర మాత్రం ఆ రోజు కట్టుకోకండి, చిన్న చుక్క పడినా ఉతికేసరికి చిల్లు పడుతుంది.