కుక్కపిల్లకు షిఫ్టులు మారవు

ఇల్లు తడపని కుక్కపిల్ల కావాలంటే ముందు ఇంట్లోవాళ్లు వేళ పాటించాలి. బోను అందుకు సాయం మాత్రమే. శిక్షగా వాడితే అసలుకే మోసం.

భిలాయిలో కాలాన్ని షిఫ్టుల్లో కొలుస్తారు. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన ఈ ఉక్కు నగరంలో, సెక్టర్ 2 క్వార్టర్ల వంటా నిద్రా ఆ లెక్కనే సాగుతాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఇది అలవాటైన బతుకే. కానీ రెండు నెలల కుక్కపిల్ల ఇంట్లో అడుగుపెట్టగానే లెక్క తప్పుతుంది. ఇంటాయన డ్యూటీ వేళలు మారిపోతుంటాయి. కుక్కపిల్ల పొట్టకు ఆ సర్దుబాటు తెలియదు.

గచ్చు తడిసిందని చూడగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. మెడ పట్టుకుని ముక్కును ఆ తడికి రాయడం, పేపరు చుట్టి రెండు తగిలించడం. ఎప్పుడో చేసిన పనికి ఇప్పుడు దెబ్బ పడిందని కుక్కపిల్ల గ్రహించలేదు. మనిషి కంటపడితే ప్రమాదమని మాత్రం గ్రహిస్తుంది. మర్నాటి నుంచి మంచం కిందా, సోఫా వెనకా పని కానిస్తుంది. ‘తప్పు చేశానని దానికి తెలుసు, ముఖం చూడండి’ అనే వాదన కూడా నిలవదు. అమెరికా పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా యజమాని తిట్టినప్పుడే ఆ ‘తప్పు చేసిన’ ముఖం ఎక్కువగా కనిపించింది. అది పశ్చాత్తాపం కాదు, బెదురు.

నిజానికి శుభ్రత కుక్క నైజంలోనే ఉంది. పుట్టిన తొలి రోజుల్లో తల్లి నాకి శుభ్రం చేస్తుంది. మూడు వారాలు వచ్చేసరికి కూనలు పడక వదిలి కాస్త దూరం పాకి వెళ్లి విసర్జిస్తాయి. పడుకున్న చోటును పాడుచేయకూడదన్న ఈ సహజ గుణమే బోను శిక్షణకు ఆధారం. మురికి పంజరంలో పెరిగిన పిల్లల్లో ఈ గుణం మొద్దుబారుతుంది. అందుకే కొనేముందు అవి పెరిగిన చోటు చూడటం మంచిది. కుక్కల పెంపకం, విక్రయాలపై 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదు.

తెలుగులో ‘బోను’ అనగానే పులో, కోర్టులో ముద్దాయో గుర్తొస్తారు. కుక్కపిల్లకు మాత్రం అది పడకగది కావాలి. లేచి నిలబడటానికి, చుట్టూ తిరగటానికి, కాళ్లు చాపి పడుకోవటానికి సరిపోయేంత ఉంటే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పడక, మరో మూల మరుగుదొడ్డి అవుతాయి. తొలి రోజుల్లో తలుపు తీసే ఉంచి గిన్నె లోపల పెట్టాలి. తనంతట తాను వెళ్లి పడుకోవటం మొదలుపెట్టాకే తలుపు మూయాలి. అదీ మొదట నిమిషాల్లోనే. కోపం వచ్చినప్పుడు అందులోకి తోయకూడదు.

ఎంతసేపు ఉంచవచ్చు? వయసు నెలల్లో లెక్కించి ఒకటి కలిపితే వచ్చే గంటలే గరిష్ఠ పరిమితి అన్నది శిక్షకుల వాడుక సూత్రం. రెండు నెలల పిల్లకు మూడు గంటలు. ఎనిమిది గంటల షిఫ్టుకు అది ఏ మూలకూ చాలదు.

ఆపుకోవటమంటే నేర్చుకోవటం కాదని భిలాయికి సాయపడ్డ సోవియట్ యూనియన్ అనుభవమే చెబుతుంది. ఇక్కడ కర్మాగారం ఇంకా కడుతుండగానే, 1957 నవంబరులో ఆ దేశం లైకాను అంతరిక్షానికి పంపింది. అందుకోసం కుక్కలను అంతకంతకూ చిన్న బోనుల్లో ఏకంగా 20 రోజుల దాకా ఉంచారు. అవి మలమూత్ర విసర్జన మానేసి నీరసించిపోయాయి. స్వీడన్ నిబంధనల ప్రకారం ఇంట్లో కుక్కను మూసిన బోనులో ఉంచరాదు. కనీసం ఆరు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలి, కూనలనైతే ఇంకా తరచుగా. మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కూడా కదలటానికి చాలనంత ఇరుకు పంజరంలో జంతువును బంధించటం హింసేనంటుంది.

అందుకే షిఫ్టు మారని మనిషి ఒకరు ఈ బాధ్యత తీసుకోవాలి. నిద్ర లేవగానే, తిన్న కొద్దిసేపటికి, ఆట ముగియగానే, పడుకునే ముందు ప్రతిసారీ ఒకే చోటికి తీసుకెళ్లాలి. పని పూర్తయిన క్షణంలోనే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే గడప దాటినందుకు బహుమతి అనుకుంటుంది. నానమ్మ తెలుగులో, పనమ్మాయి హిందీలో, మనవడు ఇంగ్లీషులో తలోమాట చెబితే కుక్కపిల్లకు అయోమయమే. ఏ భాషదైనా సరే, ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి.

లోపల తడిస్తే ఎంజైములున్న క్లీనర్‌తో తుడవాలి. ఫినాయిల్ వాసన మన ముక్కును మాయ చేస్తుంది, కుక్క ముక్కును కాదు. అమ్మోనియా ఉన్నవైతే మూత్రం వాసననే గుర్తుచేస్తాయి. టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోటికి తీసుకెళితే పార్వో వైరస్ ముప్పు ఉంది కనుక అప్పటివరకు పెరడే శ్రేయస్కరం. పై అంతస్తువాళ్లు మట్టి నింపిన ట్రేతో మొదలుపెట్టవచ్చు. వానాకాలంలో తడి నేలపై కాలు పెట్టనని మొరాయించే కూనలకూ అదే ఉపాయం. ఇక వేసవిలో ఇక్కడ ఎండ 45 డిగ్రీల దాకా వెళుతుంది. రేకుల వసారాలో, ఎండ పడే బాల్కనీలో మూసిన బోను ప్రాణాలే తీయగలదు. దాన్ని కూలర్ గాలి తగిలే నీడలో, నలుగురూ మసిలే గదిలో ఉంచాలి.

నాలుగు నుంచి ఆరు నెలల వయసు వచ్చేసరికి చాలా కుక్కపిల్లలు దారిలో పడతాయి. చిన్న జాతులకు ఇంకొంత కాలం పట్టవచ్చు. ఈలోగా ఓపిక నశించిన ఇళ్లలో అది గేటుకు కట్టిన గొలుసుకు చేరుతుంది. ఇంకా విసిగితే రాత్రివేళ ఏ మార్కెట్ దగ్గరో దిగవిడిచిన కుక్క అవుతుంది. ఆకలిదప్పులకు మాడేలా జంతువును వదిలేయటం 1960 చట్టం ప్రకారం నేరమే. తొలి తప్పుకు జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలు. చట్టం భయపెట్టదు కనుక బాధ్యత మనసుకే మిగులుతుంది. రెండు మూడు నెలలపాటు రోజుకు ఏడెనిమిదిసార్లు తలుపు తీయగలమా అన్న ప్రశ్నకు జవాబు కుక్కపిల్లను ఇంటికి తేకముందే కావాలి. తీయగలమన్నవాళ్లే తేవాలి.