కబడ్డీ కూతకు ఉబ్బసం అడ్డు కాదు

సంక్రాంతి వస్తే చాలు, పల్లెల్లో కబడ్డీ బరులు వెలుస్తాయి. ఊరి కుర్రాళ్ళంతా కూతకు సిద్ధమవుతారు. ఉబ్బసం ఉన్న కుర్రాడు మాత్రం గట్టు మీద కూర్చుని చూస్తుంటాడు. 'పరుగెత్తావంటే రాత్రికి ఎగపోస్తావు, వద్దురా' అని ఇంట్లో అమ్మ ఆపుతుంది. బడిలో డ్రిల్లు పీరియడ్ వచ్చినా వాడికి చెట్టు నీడే గతి.

పెద్దల భయంలో అర్థం ఉంది. కాని ఆట మాన్పిస్తే జబ్బు పోదు. ఉబ్బసాన్ని మందుతో అదుపులో పెట్టుకున్న పిల్లలు తోటివారిలాగే ఆడుకోవచ్చునని వైద్యులు చెబుతున్నారు. అదుపులో లేని జబ్బుతో బరిలోకి దిగడమే ప్రమాదం.

అమెరికా క్రీడాకారిణి జాకీ జాయ్‌నర్ కెర్సీ సంగతే చూడండి. ఆమెకు ఉబ్బసం. మొదట్లో జబ్బును దాచి, మందు సరిగా వాడక ఆసుపత్రి పాలయ్యానని తర్వాత ఆమే చెప్పుకుంది. అదే మనిషి 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచింది. బ్రిటన్‌కు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్‌కూ ఉబ్బసమే. 2003లో లండన్‌లో 42 కిలోమీటర్ల మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పరుగెత్తింది. మహిళల్లో ఆ రికార్డును 2019 దాకా ఎవరూ దాటలేకపోయారు.

పరుగెత్తితే ఎందుకు వస్తుంది?

ముక్కుతో పీల్చిన గాలి వెచ్చబడి, తేమ పట్టి లోపలికి పోతుంది. పరుగులో నోటితో పీలుస్తాం. పొడిగాలి, చలిగాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయి గాలి గొట్టాల్లోని తడిని ఆర్పేస్తుంది. ఉబ్బసం ఉన్నవారిలో ఆ గొట్టాలు బిగుసుకుపోతాయి. దగ్గు, పిల్లికూతలు, ఛాతీ పట్టేయడం మొదలవుతాయి. చాలామందికి ఆట ఆపిన 5, 10 నిమిషాలకు ఇది ఎక్కువై, గంటలోగా తగ్గుతుంది.

మంచు కురిసే తెల్లవారుజాము, భోగి మంటల పొగ, మిరప కల్లాల ఘాటు, గట్ల మీది వయ్యారిభామ పుప్పొడి దీనికి తోడవుతాయి. అలాంటి చోట, అలాంటి వేళ ఆట పెట్టుకోకపోవడం మేలు.

పీల్చే మందు అలవాటవుతుందా?

ఇన్‌హేలర్ పట్టుకుంటే ఇక వదలదని చాలామంది జంకుతారు. అది అపోహ. ఆయాసం తగ్గించే సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందు ఉంటే, ఒక్క పీల్పులో ఉండేది అందులో నలభయ్యో వంతు. అది నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కనుక కొంచెమే చాలు.

ఈ మందుల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి అప్పటికప్పుడు ఉపశమనం ఇచ్చేది. రెండోది గొట్టాల లోపలి వాపును తగ్గించి జబ్బు రాకుండా కాపాడేది. ఆయాసం లేని రోజున రెండో మందు మానేయడం, మొదటిదాని మీదే నెట్టుకురావడం మంచిది కాదు. వాపు తగ్గించే మందు పీల్చాక నోరు పుక్కిలించాలి.

ఏటా మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేపమందు వేయించుకునేవారు ఎందరో. ఎవరి నమ్మకం వారిది. దానితో ఉబ్బసం నయమవుతుందని శాస్త్రపరంగా రుజువు కాలేదు. దాన్ని నమ్మి వైద్యుడిచ్చిన మందు ఆపవద్దు.

బరిలోకి దిగేముందు

ముందుగా వైద్యునికి చూపించి, ఏ మందు ఎప్పుడు వాడాలో రాయించుకోండి. కొందరికి ఆటకు 10, 15 నిమిషాల ముందు మందు పీల్చమంటారు. ఒక్కసారిగా పరుగు లంకించుకోక, 10 నిమిషాలు మెల్లగా ఒళ్ళు వేడెక్కనివ్వాలి. ఆట అయ్యాక కూడా కాసేపు నడిచి ఆగాలి. జలుబు, దగ్గు ఉన్నా, ముందు రాత్రి ఆయాసంతో నిద్ర లేకపోయినా ఆ రోజు ఆట వద్దు.

ఆగి ఆగి ఆడే కబడ్డీ కంటే ఏకబిగిన పరుగెత్తే ఫుట్‌బాల్, దూరపు పరుగు ఎక్కువ ఆయాసం తెస్తాయి. ఈత చాలామందికి పడుతుంది. అయితే బావిలో గాని, కాలువలో గాని ఒంటరిగా దిగరాదు.

ఆటలో ఆయాసం వస్తే

వెంటనే ఆట ఆపాలి. పడుకోబెట్టక నిటారుగా కూర్చోబెట్టి, బట్టలు వదులు చేయాలి. చుట్టూ మూగకుండా గాలి ఆడనివ్వాలి. ఉపశమనం ఇచ్చే సాల్బుటమాల్‌ను ఒక్కొక్కటిగా 4 సార్లు పీల్పించాలి. స్పేసర్ అనే గొట్టం ఉంటే మందు బాగా అందుతుంది. 4 నిమిషాలు చూసి తగ్గకపోతే మళ్ళీ 4 సార్లు. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా మందు అలాగే ఇస్తూ ఉండాలి. మాట పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలం తిరిగినా క్షణం ఆగకుండా 108ని పిలవాలి.

పందేలు నడిపే పెద్దలకు, డ్రిల్లు మాస్టార్లకు ఒక మనవి. జట్టులో ఎవరికి ఉబ్బసం ఉందో ముందే తెలుసుకోండి. వారి మందు ఇంట్లో బీరువాలో కాక బరి పక్కనే ఉండేలా చూడండి. 'ఆయాసం వస్తోంది' అన్న కుర్రాణ్ణి పిరికివాడని ఎగతాళి చేయనివ్వకండి. నవ్వుతారని దాచుకున్న ఆయాసమే ప్రాణం మీదికి తెస్తుంది.